ఈ క్రిస్మస్‌కి పాట గొంతు దాటడం లేదా?

ప్రశ్న: మా అమ్మ ఈ ఏడాది మార్చిలో ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది. పదిహేనేళ్లుగా నేను సంఘంలో క్వయర్‌లో పాడుతున్నాను. ఈసారి ప్రాక్టీసుకి వెళ్తే పాట గొంతు దాటి రావడం లేదు. అందరూ సంతోషంగా ఉన్నారు, నాకు మాత్రం ఏమీ అనిపించడం లేదు. బైబిలు తెరిస్తే అక్షరాలే కనిపిస్తున్నాయి. ‘దేవుడు మనకు తోడు’ అన్నదే కదా క్రిస్మస్, మరి ఆ తోడు నాకెందుకు తెలియడం లేదు? నా విశ్వాసం పోయిందా? ఇంకో చిన్న ప్రశ్న. అమ్మ బైబిలు నా దగ్గరే ఉంది, పేజీ పేజీకీ గీతలు గీసుకుంది. తెరవలేకపోతున్నాను. తెరవాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా?
— ఒక సహోదరి

సహోదరీ,

మీ విశ్వాసం పోలేదు. లోపల ఎవరూ లేరని తేలిపోయిన ఇంటి తలుపు ఎవరూ తట్టరు. మీరింకా తడుతూనే ఉన్నారు. పోయింది వేరొకటి. ఇన్నేళ్లూ పాట, దీపాలు, పక్కన అమ్మ, గుండెలో ఓ వెచ్చదనం, అన్నీ కలిసే వచ్చేవి. ఆ వెచ్చదనానికే మనం దేవుని సన్నిధి అని పేరు పెట్టేసుకున్నాం. దుఃఖం వస్తే ఆకలి తగ్గుతుంది, నిద్ర తగ్గుతుంది, దాంతోపాటే ఆ వెచ్చదనమూ తగ్గుతుంది. థర్మామీటరు పాడైనంత మాత్రాన ఒంట్లో వేడి లేదని కాదు.

మత్తయి సువార్త మొదటి అధ్యాయం 23వ వచనంలో ఇమ్మానుయేలు, అంటే ‘దేవుడు మనకు తోడు’, అన్న పేరుంది. చివరి అధ్యాయం చివరి వచనంలో, 28:20లో, యుగసమాప్తి వరకూ మీతో ఉంటానన్న మాట ఉంది. క్రిస్మస్ సందేశాల్లో ఈ రెండింటినీ కలిపి చెప్పడం మీరు చాలాసార్లు వినే ఉంటారు. దానికి మూడు వచనాల ముందున్నది మాత్రం అంతగా వినపడదు: తిరిగి లేచిన ప్రభువు కళ్లెదుటే ఉండగా, ఆయనకు మొక్కుతున్నవాళ్లలో కొందరు సందేహించారు. వాళ్లని పక్కకు తప్పుకోమని ఆయన అనలేదు. ‘మీతో’ అన్నప్పుడు వాళ్లనీ కలుపుకునే అన్నాడు. కాబట్టి ఆ తోడు మనకు తెలియడం మీద ఆధారపడి లేదు. తెలిస్తే ఆదరణ, తెలియకపోయినా తోడు తోడే.

ఇక పాట సంగతి. లూకా సువార్తలో క్రిస్మస్ కథ మరియతో మొదలవదు, మాట పడిపోయిన ఒక ముసలి యాజకుడితో మొదలవుతుంది. జెకర్యా ధూపం వేయడానికి ఆలయంలోకి వెళ్లాడు. బయటికొచ్చాక జనానికి సైగలే తప్ప మాట లేదు. ఆయన మౌనానికి కారణం కొడుకు పుడతాడన్న దూత మాట నమ్మకపోవడం, మీ మౌనానికి కారణం అమ్మ లేకపోవడం. ఈ రెంటినీ ఒకటి చేసి మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. అయితే లూకా 1:23 చూడండి. తన వంతు సేవ దినాలు పూర్తయ్యాకే ఇంటికి వెళ్లాడు. గొంతు లేకుండానే సేవ చేశాడు. తొమ్మిది నెలలు దాటాక, కొడుక్కి పేరు పెట్టే రోజున నోరు తెరుచుకుంది. 68 నుంచి 79 వరకూ ఉన్న స్తుతిగీతం అప్పుడొచ్చింది. మీ పాట కూడా డిసెంబరు 25లోగా రావాలన్న నియమం ఎక్కడా లేదు.

నిరీక్షణ అనే మాట కూడా ఒకసారి చూద్దాం. సంఘం బయట నిరీక్షణ అంటే ఎదురుచూపు, సంఘం లోపల అదే మాట రేపటిమీద నమ్మకం. తెలుగు బైబిలు ఈ రెంటినీ ఒకే మాటలో పెట్టడం మన అదృష్టం. హెబ్రీలోనూ అలాంటిదే ఉంది. ఆశ అన్న అర్థంలో వాడే ‘తిఖ్వా’కి తాడు, దారం అన్న అర్థం కూడా ఉంది. యెహోషువ 2వ అధ్యాయంలో యెరికో పట్టణపు రాహాబు తన ఇల్లు దక్కేందుకు గుర్తుగా కిటికీకి కట్టిన ఎర్ర దారానికి వాడింది ఆ మాటే. పట్టణం మీదికి సైన్యం వస్తుందని ఆమెకు తెలుసు. ఎప్పుడొస్తుందో తెలియదు, భయం పోలేదు, అయినా దారం కట్టింది. అదే రాహాబు మత్తయి 1:5లో యేసు వంశావళిలో కనిపిస్తుంది. మీరు ఇప్పుడు చేయాల్సిందీ దారం కట్టడమే. గుండె నిండాలని కూర్చోకండి, చిన్న ముడి ఒకటి వేసి ఉంచండి.

ఆ ముడి ఎలా వేయాలో చెబుతాం.

రోజుకి పదిహేను నిమిషాలు. అరగంటో గంటో పెట్టుకోవద్దు. దుఃఖంలో ఉన్నవాళ్లు పెద్ద నియమం పెట్టుకుని మూడో రోజుకి విడిచిపెడతారు, ఆపైన ఆ విడిచిపెట్టడమే మరో నేరంలా మెడకు చుట్టుకుంటుంది. రోజూ ఒకే వేళ, ఒకే కుర్చీ. కాగితం బైబిలే వాడండి, ఫోను పక్క గదిలో ఉంచండి. మొదటి రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి. నోటితో ఇంతే చెప్పండి: “ప్రభువా, నువ్వు ఇక్కడున్నావు. నాకు తెలియడం లేదు. నేనూ ఇక్కడే ఉన్నాను.” తర్వాత ఐదు నిమిషాలు వాక్యభాగాన్ని పైకి చదవండి, రెండుసార్లు. మొదటిసారి మామూలు వేగంతో, రెండోసారి నెమ్మదిగా, ఏదో ఒక మాట దగ్గర కాలు ఆగేంత నెమ్మదిగా. పైకి చదవమనడానికి కారణం ఉంది. లోపలే చదువుకుంటే కళ్లు వాక్యాల మీదుగా జారిపోతాయి, మీరు రాసిన ‘అక్షరాలే కనిపిస్తున్నాయి’ అన్నది అదే. నోరు అంత తొందరగా జారదు. తర్వాత ఐదు నిమిషాలు, ఆగిన మాట గురించి దేవునికి రెండు మూడు వాక్యాలు రాయండి. చివరి మూడు నిమిషాలు ఏమీ చేయవద్దు.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. 12వ శతాబ్దంలో గిగో అనే క్రైస్తవ సన్యాసి (కర్తూసియన్ మఠంవాడు) చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని ఎదుట ఊరకుండడం అంటూ దీన్నే నాలుగు మెట్లుగా రాశాడు. మొదటి మూడూ మనం ఎక్కేవి, నాలుగోది దేవుడు ఇచ్చేది. అందుకే ఆ మూడు నిమిషాలయ్యాక ‘ఏమైనా అనిపించిందా?’ అని లోపల వెతుక్కోకండి. నాటిన విత్తనాన్ని రోజూ తవ్వి చూసినట్టుంటుంది.

చాలామంది తప్పేది ఎక్కడంటే, రోజుకో కొత్త అధ్యాయం పెట్టుకుంటారు. లూకాలో 24 అధ్యాయాలున్నాయి గనక డిసెంబరు 1 నుంచి 24 వరకూ రోజుకొకటి అన్న పద్ధతి బాగా వాడుకలో ఉంది. మంచి పద్ధతే, కానీ ఈ ఏడాది మీకు కాదు. మొదటి అధ్యాయం ఒక్కటే 80 వచనాలు, అలసిన మనసు మోయలేదు. వారానికి ఒకే భాగం తీసుకోండి, ఏడు రోజులూ అదే చదవండి. నాలుగో రోజుకి విసుగొస్తుంది. రానివ్వండి, సాధారణంగా ఐదో రోజునే ఏదో ఒక మాట కొత్తగా తగులుతుంది. మొదటి వారం లూకా 1:5–25, జెకర్యా మౌనం. రెండో వారం 1:26–56. అక్కడ మరియ “ఇదెలా జరుగుతుంది?” అని అడుగుతుంది, దూత కోప్పడడు. మూడో వారం మత్తయి మొదటి అధ్యాయం, ఆ పేర్ల పట్టికతో సహా. పేర్లని దాటేయకండి, ప్రతి పేరు వెనకా ఒక మరణం ఉంది, ఆ తర్వాతి పేరూ ఉంది. నాలుగో వారం లూకా 2:1–20. క్రిస్మస్‌కి సిద్ధపడే ఆగమన కాలం (అడ్వెంట్) క్రిస్మస్‌కి ముందు నాలుగో ఆదివారం మొదలవుతుంది. ఆ ఆదివారం నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య పడుతుంది కనుక ఒక్కో ఏడు 22 రోజులే ఉంటాయి, ఒక్కో ఏడు 28. నాలుగో వారం కుదించుకుపోతే పోనీయండి. రెండు రోజులు తప్పితే ఆ బాకీ తీర్చడానికి కూర్చోవద్దు, ఇవాళ్టి భాగంతో మొదలుపెట్టండి. క్వయర్ కోసమో సండే స్కూలు కోసమో చదివే చదువుని ఈ పదిహేను నిమిషాల్లో లెక్కేయకండి. అది ఇతరులకు వడ్డించడానికి వండడం, ఇది మీరు తినడం.

పశువుల తొట్టి దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాట. లూకా ఆ తొట్టిని మూడుసార్లు ప్రస్తావిస్తాడు, 2వ అధ్యాయం 7, 12, 16 వచనాల్లో. దూత గొర్రెల కాపరులకిచ్చిన ఆనవాలు కూడా అదే: పొత్తిగుడ్డలు, తొట్టి. ‘సత్రములో స్థలము లేనందున’ అన్నచోట గ్రీకులో ఉన్న మాట ‘కతలూమ’. కడరాత్రి భోజనం జరిగిన విడిది గదికి లూకా 22:11లోనూ అదే మాట. మంచి సమరయుని ఉపమానంలోని పూటకూళ్లవాని ఇంటికి లూకా వాడింది వేరే మాట. అందుకే చాలామంది పండితులు ఆ రాత్రి జరిగినదాన్ని ఇలా చూస్తారు: సత్రం యజమాని తలుపు వేయలేదు, చుట్టాలతో కిక్కిరిసిన ఇంట్లో అతిథుల గది ఖాళీ లేక పశువులు ఉండే వైపు చోటు దొరికింది. అంటే దేవుని సన్నిధి ఆ రాత్రి మంచి గదిలో దొరకలేదు, ఇంట్లో ఎవరూ చూడని మూల దొరికింది. ఈ ఏడాది మీలో మంచి గది ఖాళీగా లేదు. ఆ మూల ఉంది.

మొదటి వారంలోనే ఒకరోజు 13వ కీర్తనని పక్కన పెట్టుకుని మీ విలాపం రాయండి. ఆరు వచనాల కీర్తన. మొదటి రెండు వచనాలు ఫిర్యాదు, హెబ్రీలో ‘ఎన్నాళ్లు’ అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. తర్వాతి రెండూ విన్నపం, చివరి రెండూ నమ్మిక. మీరూ అలాగే ఆరు పంక్తులు రాయండి, రెండు, రెండు, రెండు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, మొదటి రెండూ గబగబా ముగించి చివరి రెండింటికి దూకడం. దేవునితో ఫిర్యాదు చేస్తే తప్పేమోనన్న భయం. ఫిర్యాదు ఉన్నది ఉన్నట్టు రాయకపోతే తర్వాతి నమ్మిక అద్దెకు తెచ్చిన బట్టలా ఉంటుంది. “మార్చిలో అన్ని రాత్రులు అడిగాను, నువ్వు వినలేదు” అని రాయాలనిపిస్తే అదే రాయండి. చివరి రెండు పంక్తులూ రాకపోతే ఖాళీగా వదిలి తేదీ వేయండి. 88వ కీర్తన 18 వచనాలు నడిచి చీకట్లోనే ఆగిపోతుంది, అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు.

ఈ లోపల చుట్టాలూ సంఘస్థులూ ఒక వచనం తెచ్చి మీ చేతిలో పెడతారు, 1 థెస్సలొనీకయులు 4:13. ‘విశ్వాసులం మనం ఏడవకూడదు’ అంటారు. ఆ వచనం అలా అనదు. నిరీక్షణ లేని ఇతరుల్లాగా దుఃఖపడవద్దంటుంది, దుఃఖమే పడవద్దని అనదు. చనిపోయిన లాజరుని లేపబోతున్నానని తెలిసీ యేసు సమాధి దారిలో కన్నీళ్లు పెట్టుకున్నాడు. ‘దేవుడు మంచి పువ్వుని కోసుకున్నాడు’ అనేవాళ్లు కూడా ఎదురవుతారు. వాళ్లతో వాదన పెట్టుకోకండి, “అమ్మ కోసం ప్రార్థించినందుకు వందనాలండీ” అని కదిలిపోండి. మీ వేదాంతాన్ని వాకిట్లో నిలబడి రుజువు చేయాల్సిన పని లేదు.

క్వయర్ లీడర్‌తో ఈ వారమే మాట్లాడండి. ఆఖరి ప్రాక్టీసు దాకా నాన్చితే సోలో మీ మీద పడుతుంది. ‘ఈ ఏడు సోలో వద్దు, వరస చివర నిలబడతాను, పాడగలిగినంత పాడతాను’ అన్న మూడు ముక్కలు చాలు. ఏడుపు వచ్చేటప్పుడు గొంతు కండరాలు బిగుసుకుంటాయి, అప్పుడు స్వరాన్ని బలవంతంగా లాగితే ఇంకా బిగుస్తుంది. ఆ పంక్తి వదిలేయండి, గాలి పీల్చుకోండి, పల్లవికి మళ్లీ కలవండి. మీరు ఆపిన పంక్తిని పక్కవాళ్లు పాడుతూనే ఉంటారు. సంఘం ఉన్నది ఇందుకే. అమ్మకి బాగా ఇష్టమైన పాట ఏదో ఒక్కరికైనా ముందే చెప్పి ఉంచండి, అది మొదలైనప్పుడు మీ పక్కకొచ్చి నిలబడటానికి.

24 రాత్రి, 25 ఉదయం రెండు ఆరాధనలకూ వెళ్లాలని లేదు. ఒకటి ఎంచుకోండి. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం, ఉన్నదాన్ని ఎంచుకోమని మా సలహా. సందేశానికి మనసు కావాలి, పాటకి గొంతు కావాలి, బల్ల దగ్గర చేయి చాపితే చాలు. కొన్ని దేశాల్లో సంఘాలు డిసెంబరు 21 ప్రాంతంలో, భూమి ఉత్తర భాగంలో రాత్రి అన్నిటికన్నా పొడుగైన రోజున, దుఃఖంలో ఉన్నవాళ్ల కోసం చిన్న ఆరాధన పెడతాయి. మీ పాస్టర్ గారిని అడిగి చూడండి. పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు, అరగంట, 130వ కీర్తన, కాసేపు మౌనం, ఈ ఏడు వెళ్లిపోయినవాళ్ల పేర్లు చదివి దేవునికి కృతజ్ఞత, అంతే. ఆ కీర్తనలో ఆరో వచనం చూడండి, కావలివారు ఉదయం కోసం కనిపెట్టడం. కావలివాడు తెల్లవార్చలేడు. తెల్లవారుతుందని మాత్రం అతనికి తెలుసు, అందుకే మెలకువగా ఉంటాడు. నాజీలను ఎదిరించిన జర్మన్ పాస్టర్ డీట్రిచ్ బోన్‌హోఫర్ 1943 క్రిస్మస్‌ని బెర్లిన్‌లోని టేగెల్ జైల్లో గడిపాడు. ఆగమన కాలం జైలు గదిలాంటిదనీ, తలుపు బయటి నుంచే తెరుచుకోవాలనీ ఆ నవంబరులో ఉత్తరం రాశాడు. అదే నెలల్లో తోటి ఖైదీల కోసం ప్రార్థనలూ రాసిచ్చాడు.

మీరు కూడా ఒక్కరి కోసం ఏదైనా చేయండి, ఒక్కరి కోసమే. ఈ ఏడు ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న మరొకరెవరో మీ సంఘంలో ఉండే ఉంటారు. అరగంట వెళ్లి కూర్చుని, పోయినవాళ్ల పేరు పలికి రండి. పది సేవా కార్యక్రమాలు నెత్తిన వేసుకుంటే అది పారిపోవడం అవుతుంది, జనవరిలో ఒక్కసారిగా కూలబడతారు.

ఒంటి సంగతి మరిచిపోవద్దు. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుడు ముందు పంపింది ప్రసంగం కాదు, రొట్టె, నీళ్లు. తిన్నాడు, పడుకున్నాడు, మళ్లీ తిన్నాడు. నలభై రోజుల నడక తర్వాతే హోరేబు కొండ మీద ఆ నిమ్మళమైన స్వరం. నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకి మించి రోజూ ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. అది అవిశ్వాసం కాదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే, ఆ గంటే, ఇంట్లో ఒకరితో చెప్పి సాయం తీసుకోండి.

25తో ఆపేయకండి. సంఘ క్యాలెండరులో క్రిస్మస్ 12 రోజులు, జనవరి 5 వరకూ, 6న ఎపిఫనీ, జ్ఞానులు యేసుని చూడవచ్చినదాన్ని తలుచుకునే పండుగ. చాలామందికి అసలు ఒంటరితనం 26న మొదలవుతుంది, అలంకరణలు ఇంకా ఉంటాయి, మనుషులు ఉండరు. 28న అనేక సంఘాలు హేరోదు చంపించిన పసివాళ్లని తలుచుకుంటాయి. మత్తయి 2వ అధ్యాయంలో పిల్లల్ని పోగొట్టుకుని ఓదార్పు పొందనొల్లని తల్లి రాహేలు ఏడుపు క్రిస్మస్ కథ మధ్యలోనే ఉంది. మీ ఏడుపుకి అక్కడ చోటు కొత్తగా వెతకాల్సిన పని లేదు. ఆ వారం పదిహేను నిమిషాలకి లూకా 2:21–40 పెట్టుకోండి. ధర్మశాస్త్రం ప్రకారం మగబిడ్డ పుట్టిన నలభై రోజులకి తల్లి శుద్ధి. గొర్రెపిల్లకి స్తోమత లేనివాళ్లు రెండు గువ్వలో రెండు పావురపు పిల్లలో తెస్తారు, మరియ యోసేపులు తెచ్చిందీ ఆ పేదల అర్పణే. అక్కడ ఆలయంలో సుమెయోను అనే భక్తుడు. ఇశ్రాయేలు ఆదరణ కోసం ‘కనిపెట్టువాడు’ అని తెలుగు బైబిలు అంటుంది. బిడ్డని చేతుల్లోకి తీసుకుని, ఇక సమాధానంతో పోనిమ్మని దేవుణ్ణి అడుగుతాడు. లూకా చెప్పిన క్రిస్మస్ కథలోని గీతాల్లో చావుకి సిద్ధపడి పాడినది అదొక్కటే. ఆ నోటితోనే మరియకి చెబుతాడు, నీ హృదయంలోకి ఖడ్గం దూసుకుపోతుందని. ఆదరణ, ఖడ్గం ఒకే మనిషి నోట, ఒకే పూట. పక్కనే అన్న అనే 84 ఏళ్ల ప్రవక్త్రి, పెళ్లయిన ఏడేళ్లకే భర్త పోయినామె, దేవునికి స్తోత్రం చేస్తోంది.

ఇక అమ్మ బైబిలు. రోజూ చదవడానికి మీదే వాడండి. అమ్మ గీతలు కనిపిస్తుంటే మీరు వాక్యం చదవరు, అమ్మని చదువుతారు, అది తప్పు కాదు గానీ పదిహేను నిమిషాల పని కాదు. ఈ పన్నెండు రోజుల్లో ఒక సాయంత్రం, పక్కన ఒకరు ఉండగా, సుమెయోను భాగం దగ్గర తెరవండి. గీత ఉంటే వేలు పెట్టి ఆ వచనం పైకి చదవండి. గీత లేకపోతే, పెన్సిలు పట్టుకుని మీరు ఒకటి గీయండి, అంచున తేదీ వేయండి.